ఖాళీ బరువు

జిల్లా కోర్టు గోడవారన, నీలం టార్పాలిన్ కింద
నాదో కుర్చీ, ఓ కంప్యూటరు, దగ్గే ప్రింటరు.
రెండు దాటితే సముద్రం గాలి లేస్తుంది
వకాల్తాలు, అఫిడవిట్లు రెక్కలు కొట్టుకుంటాయి.
సెక్షన్లు నేను చదువుకోలేదు
నా వేళ్లకి వచ్చు.

దాడి నూకరత్నం వచ్చింది.
రేవులో వేబ్రిడ్జి మీద పదకొండేళ్లుగా లారీలు తూస్తోంది
ఖాళీగా ఒకసారి, బొగ్గుతో ఒకసారి.
టిఫిను డబ్బా అడుగునుంచి మడతల చీటీలు తీసి
ఎగిరిపోకుండా వాటి మీద
ఓ ఇనపరాయి పెట్టింది.
ఒకటే లారీ.
సోమవారం ఖాళీ బరువు పదకొండు టన్నులు
గురువారం పద్నాలుగు.
"లారీలు ఒళ్లు సేత్తాయా బాబూ?" అంది.
నవ్వలేదు.

వాళ్ల ఆఫీసులో ఓ బోర్డుందట.
ఏటా ఓ వారం అందరూ దాని ముందు నిలబడి
చెయ్యి చాచి ప్రమాణం చేస్తారు:
అవినీతి కనబడితే చెబుతాం.
ఫొటో తీస్తారు, సమోసా ఇస్తారు.
అదే బోర్డుకి, అదే గుండుసూదికి, ఇంకో కాగితం:
ఆఫీసు చీటీ గేటు దాటితే
నువ్వూ దాటినట్టే.
"రెంటికీ సంతకం ఒక్కరిదే బాబూ.
ఏది ఇనాల?"

పేరు లేకుండా కొట్టగలవా అంది.
కొట్టగలను, కానీ పేరు లేని అర్జీ
చట్టం కంటికి ఆనదు.
నీ పేరు చెప్పు, ఎవరికీ చెప్పను, అంటుందది.
ఏడేళ్లు దాటిన తప్పు వినదు.
కావాలని అబద్ధమాడావని తేలితే
రెండేళ్లు లోపల కూర్చోమంటుంది.
"నిజమని తేలితే?"
అక్కడ నా వేళ్లు తడబడ్డాయి.

ఆ చట్టం పుట్టింది, బారసాల అయింది
రాష్ట్రపతి సంతకమూ పడింది.
ఏ రోజునుంచి నడవాలో
ఆ తేదీ ఒక్కటే ఎవరూ రాయలేదు.
ఇంకా ఉయ్యాల్లోనే ఉంది.
అందాకా పాత తీర్మానమొకటి
పాలు పట్టిన మేరకి పడుతోంది.
అంతా విని అంది:
"కుక్కరు మీద గుండు లాగుంది మీ సట్టం.
అది లేపోతే ఈల రాదు.
అదే బిగిసిపోతే వంటిల్లు లేసిపోద్ది."

ఆమెకి చెప్పని సంగతొకటుంది.
టైపు మిషను రోజుల్లో, మల్కాపురం మనిషొకాయన
ఇలాగే ఓ అర్జీ కొట్టించుకెళ్లాడు.
నాలుగో రోజు ఇద్దరొచ్చి నాకు టీ పోయించారు.
కార్బన్ కాగితం ఎండకెత్తితే
పేరు వెనకనుంచైనా చదవొచ్చు.
టీ మాత్రమే తాగాను, డబ్బు ముట్టలేదు
అని ఇరవయ్యేళ్లుగా లెక్క అప్పజెబుతున్నాను.
ఆయన్ని పారాదీప్ పంపేశారన్నారు.
తర్వాత ఎవరూ ఏమీ అనలేదు.
పేరు దాచాల్సినవాళ్ల జాబితాలో
టైపిస్టు లేడు, ఏ చట్టంలోనూ.

లారీ నంబరు, తేదీలు, టన్నులు
అన్నీ కొట్టి, సంతకం గీత దగ్గర ఆగి
కుర్చీలోంచి లేచాను.
"పేరు నువ్వే కొట్టుకో అమ్మా. నేను చూడను."
"మొదట్లోనే సెప్పేను కదండీ నా పేరు."
"చెప్పావు."
అయినా కూర్చుంది.
ఒంటి వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ
కొమ్ముదీర్ఘం ఎక్కడుందో కూడా అడక్కుండా.
నేను రేవు వైపు తిరిగి నిలబడ్డాను.
ఓడేదో కూత వేసింది
లోపలికొస్తోందో, వెళ్లిపోతోందో.

ఫైలు చెరిపేశాను.
చెరిపినవి పడే డబ్బాలోంచీ చెరిపేశాను.
ముప్పై రూపాయలిచ్చి, కవరు టిఫిను డబ్బాలో దాచుకుని
రాయి మర్చిపోయి వెళ్లింది.
ఇప్పుడు నా కాగితాల మీద అదే ఉంటోంది.
చేతిలోకి తీసుకున్న వకీళ్లు
ఇంత చిన్నదానికి ఇంత బరువేంటయ్యా అంటారు.
నేను తూచలేదు.

నిన్న సాయంత్రం ఇద్దరొచ్చారు
టీ తాగుదాం రమ్మని.
కడుపులో మంటండీ, మానేశాను
అన్నాను.